కప్పల్ని చూడటానికి బొట్టు పిలుపు

మా ముత్తాతగారు చోడవరం ప్రాంతంలో మొఖాసాదారు, అంటే కొన్ని ఊళ్ళ శిస్తు అనుభవించే దొర. ఆయన ఊళ్ళోకి వస్తున్నారంటే వెండి పొన్ను కర్ర పట్టుకొని ఒక మనిషి ముందు నడిచేవాడట. తాతగారి రోజుల్లో చెరువు తూము ఎత్తాలంటే ఆయన దగ్గర్నుంచి కబురు వెళ్ళాలి. కబురు వెళ్ళేదాకా రైతులు పారలు పట్టుకొని గట్టు మీద కూర్చునేవారు. నాన్నగారి కాలానికి ఊళ్ళూ పోయాయి, శిస్తులూ పోయాయి. ఏ సభ జరిగినా ముందు వరుసలో ఆయన కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచడం మాత్రం చాలాకాలం నడిచింది. ఆయనకు నేను ఒక్కదాన్నే. నాకు సంక్రమించింది నిటారు వీపు. కుర్చీలో కూర్చున్నా, కిక్కిరిసిన అనకాపల్లి బస్సులో నిలబడ్డా అది వంగదు. మా వారు దాన్ని "స్థిరాస్తిలో నీ వాటా" అంటారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ, అన్నవి మాత్రం సరిగ్గా తగులుతాయి.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను వానాకాలం ఆదివారాల్లో చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బురదలో దిగి, పదిమందికి కప్పల్ని చూపిస్తాను. ఇందులో నాకు చిన్నతనం ఏమీ కనబడదు.

బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో, చెరకు తోటల నడుమ, మా వాళ్ళకు ఒక పల్లం ఉంది. మొదటి వానకు నిండుతుంది, కార్తీకం దాకా నీళ్ళుంటాయి, ఎండాకాలానికి నెర్రెలు విచ్చుతుంది. అందులో వరి మునిగిపోతుంది, చెరకు కుళ్ళిపోతుంది. పనికిరాని నేల గనుక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మాకు మిగిలింది. నాన్నగారూ పెదనాన్నగారూ పంచుకున్నప్పుడు నడుమ ఒక గట్టు వేశారు. మెరక సగం మాకు, నీళ్ళు నిలిచే లోతట్టు సగం పెదనాన్నగారికి వచ్చాయి. ఇప్పుడు ఆ లోతట్టు సగం ఆయన కొడుకుది, అంటే మా అన్నయ్యది. విశాఖపట్నంలో ఉంటాడు.

కప్పల సంగతి నాకు తెలిసింది ఒక అమ్మాయి వల్ల. విశాఖలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఒక వానాకాలం మా గుమ్మం ముందు తడిసిన సంచీతో నిలబడి, "మీ పల్లంలోకి వెళ్ళొచ్చా అండీ?" అని అడిగింది. ఆ పల్లంలోకి గేదెలు దిగేవి, గాలాలు వేసేవాళ్ళు దిగేవాళ్ళు, ట్రాక్టర్లు కడుక్కునేవాళ్ళు దిగేవాళ్ళు. మమ్మల్ని అనుమతి అడిగిన మొదటి మనిషి ఆమే. అడిగి వెళ్ళే మనిషిని ఒంటరిగా పంపడం మా ఇంటి పద్ధతి కాదు. గొడుగు తీసుకొని వెంట బయలుదేరాను.

అప్పటిదాకా నాకు కప్ప అంటే అన్నీ ఒక్కటే. ఆ సాయంత్రం ఆమె నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకొని వినమంది. కాసేపటికి గోల విడివిడిగా వినబడసాగింది. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు గరగరలాడేది ఒకటి. అది బొటనవేలి గోరంత కప్ప, అంత గొంతు దానికి ఎక్కడిదో తెలియదు. కర్రతో డబ్బా కొట్టినట్టు టకటకలాడేది చెట్టు కప్ప. అడుగున బరువుగా, గొంతు సవరించుకునే పెద్దమనిషిలా పలికేది బోదురుకప్ప. చెరువుండగా వీటికి ఈ పల్లమే ఎందుకని అడిగాను. చెరువులో చేపలు గుడ్లు తినేస్తాయి, మడుల్లో మందు కొడతారు, ఏటా ఎండి ఏటా నిండే ఇలాంటి నీళ్ళే వీటికి పురుడు పోసుకునే చోటు అని చెప్పింది. బోదురుకప్ప ఎండాకాలమంతా నేలలో దాక్కుంటుంది. మొదటి పెద్ద వానకు లేచి ఇక్కడికి వస్తుంది. వచ్చేసరికి నీళ్ళు లేకపోతే ఆ ఏడాదికి దానికి పిల్లలు లేనట్టే.

మరుసటి ఏడాది నుంచి ఇద్దరం కలిసి కప్పల్ని చూపించే నడకలు మొదలుపెట్టాం. బడి టీచర్లు వచ్చేవారు, పిల్లల్ని వెంటేసుకొని ఉద్యోగస్థుల కుటుంబాలు వచ్చేవి, అనకాపల్లి నుంచి ఒక బట్టల వ్యాపారి కుటుంబం ప్రతి ఏడూ ఆటో కట్టించుకొని వచ్చేది. శాస్త్రం ఆ అమ్మాయి చెప్పేది. క్రమశిక్షణ నా వంతు. దోమల మందు రాసుకున్న చేతులు నీళ్ళలో పెట్టకూడదు, ఎందుకంటే కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుంది, మన చేతి మందు దాని ఒంట్లోకి పోతుంది. ముందు మనిషి అడుగేసిన చోటే వెనక మనిషి అడుగెయ్యాలి. అరిస్తే నా గొడుగు మొన వీపుకు తగులుతుంది. కొన్నిచోట్ల ఇలాంటి నడకలకు టికెట్ పెడతారని ఆ అమ్మాయి ఒకసారి అంది.

"మా పల్లానికి వచ్చినవాళ్ళు మాకు చుట్టాలు. చుట్టాలకు టికెట్టా?" అన్నాను.

దాంతో ప్రతి నడక చివరా ఉప్మా, కాఫీ ఖాయమయ్యాయి. గిన్నె మోసుకొని మా వారు వెనకాల వచ్చేవారు. "కప్పల కంటే ఉప్మాకే గిరాకీ ఎక్కువ" అనేవారు. అది అబద్ధం. సమానంగా ఉండేది.

ఇలా సాగుతుండగా ఒక వైశాఖంలో అన్నయ్య ఫోన్ చేశాడు. లోతట్టు సగానికి బేరం కుదిరిందట. కొనేవాడు లేఅవుట్ వేస్తాడట. "ఆషాఢం వెళ్ళాక రిజిస్ట్రేషనమ్మా. శ్రావణంలో గ్రావెల్ తోలించి చదును చేసేస్తాడు. నీ మెరక సగానికి కూడా మంచి ధర వస్తుంది, ఆలోచించు" అన్నాడు. విశాఖలో అతను కడుతున్న ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయిందని నాకు తెలుసు. అతన్ని తప్పుపట్టడానికి నాకు కారణం లేదు. కానీ నీళ్ళు నిలిచేది ఆ సగంలోనే. అది పూడితే నా సగం ఉత్త పొడి నేల, ఈ వానాకాలమే ఆ కప్పలకు ఆఖరిది.

"వద్దని అడుగు. చెల్లెలివి, అడిగితే వింటాడు" అన్నారు మా వారు.

నాకు అడగడం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. నాన్నగారు జ్వరంతో పడుకున్నప్పుడు కూడా మంచినీళ్ళు అడిగేవారు కాదు, చెంబు వైపు చూసేవారు. మాకు వచ్చింది పిలవడం. నేను అన్నయ్యను ఒకసారి ఆ నీళ్ళ దగ్గరికి పిలుద్దామనుకున్నాను. ఒక్కణ్ణే పిలిస్తే ఎందుకో అతనికి తెలిసిపోతుంది. అందుకని ఊరినే పిలిచాను.

ఆ అమ్మాయి ఎప్పటిలాగే వాట్సాప్‌లో పెడదామంది, "ఆసక్తి ఉన్నవారు పేర్లు నమోదు చేసుకోగలరు" అని. ఈసారి ఒప్పుకోలేదు. మనం పిలిచే మనిషి పేరు నమోదు చేసుకోవడమేమిటి? కుంకుమ భరిణె, పసుపు, తమలపాకులు పళ్ళెంలో పెట్టుకొని ఇంటింటికీ వెళ్ళాను. ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, "మా పల్లంలో కప్పల్ని చూడటానికి రండి, భోంచేసి వెళ్ళాలి" అని పిలిచాను. మా వీధి చివర పాలుపోసే ముసలమ్మ నుదుటిని ముందుకు వంచి బొట్టు పెట్టించుకొని, గొంతు తగ్గించింది.

"పెళ్లెవలికండీ అమ్మగోరూ? బాబుకేనా?"

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అప్పటికి పెళ్ళి కాలేదు.

"పెళ్ళి కాదమ్మా. కప్పల్ని చూడటానికి."

"అలగే, అలగే. ముగూర్తం ఎప్పుడండీ?"

"పెద్ద వాన పడిన మర్నాడు సాయంత్రం."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి తలాడించింది. "పెద్దింటోలు. గుట్టుగా సేసుకుంతన్నారన్నమాట. నానెవల్తోనూ సెప్పన్లెండి."

విశాఖపట్నం బస్సెక్కి వెళ్ళి వదినకు కూడా బొట్టు పెట్టాను. అన్నయ్య సోఫాలో కూర్చొని పేపరు మీద నుంచి చూశాడు. "కప్పలకి బొట్టు పిలుపేటే?" అన్నాడు. "పిలిచింది కదా, వస్తాం" అంది వదిన. బొట్టు పెట్టించుకున్నాక రాకుండా ఉండే మనిషి కాదు ఆవిడ. నేను నమ్ముకున్నది దాన్నే.

జ్యేష్ఠం సగం గడిచినా వాన లేదు. "పిలుపు అందరికీ అందింది, వానకొక్కదానికే అందలేదు" అన్నారు మా వారు. తర్వాత ఒక రాత్రి పడింది. తెల్లారేసరికి వీధి కాలువలు పొంగాయి, బస్సు కాంప్లెక్సు ముందు మోకాలి లోతు నీళ్ళు. పొద్దున్నే పల్లానికి వెళ్ళి చూసొచ్చాను. నిండింది. వంటవాళ్ళకు కబురు చేసి అన్నయ్యకు ఫోన్ చేశాను.

సాయంత్రం ఎండ చల్లబడే వేళకు నేనూ ఆ అమ్మాయీ గట్టు దగ్గర నిలబడ్డాం. ఆమె రబ్బరు బూట్లలో ఉంది, నేను పాత నేతచీరలో ఉన్నాను. మొదటి ఆటో ఆగింది. అందులోంచి పట్టుచీరలు దిగాయి. రెండో దాంట్లోంచీ పట్టుచీరలే. వెనక పంచెలు, కండువాలు, తలల్లో మల్లెపూలు, పాలుపోసే ముసలమ్మ చేతిలో రంగు కాగితం చుట్టిన స్టీలు బేసిను. ఆమె ఎవరికీ చెప్పనన్న మాట చోడవరమంతా తిరిగి మా పల్లానికి చేరింది.

"మేడం, వీళ్ళంతా ఎక్కడికొచ్చారు?" అని ఆ అమ్మాయి నా చెవిలో అడిగింది.

"పెళ్ళికి" అన్నాను.

నవ్వు నా గొంతు దాకా వచ్చింది. కానీ ఇంతమంది నా మాట మీద పట్టు కట్టుకొని వచ్చారు, వాళ్ళ ఎదుట నవ్వడం మర్యాద కాదు. చేతులు జోడించి, "రండి, రండి. చెప్పులు ఇక్కడ విడవండి, కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకోండి" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిలిచిన ఇంట్లో ప్రశ్నలు వేయకూడదు కనుక చీరలు ఎగదోపుకున్నారు.

అప్పుడే అన్నయ్య కారు దిగాడు. జరీ అంచు పంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా, నల్లగా మెరిసే బూట్లు.

"ఏటే ఇది? పెళ్ళన్నావు!"

"నేనెప్పుడన్నాను అన్నయ్యా?"

"కాంప్లెక్సు దగ్గర్నుంచి ప్రతివోడూ అదే అంటన్నాడు."

"కప్పలనే చెప్పింది. మీరే నమ్మలేదు" అంది వదిన, చెప్పులు చేత్తో పట్టుకొని నన్ను దాటుకుంటూ.

వరసగా గట్టు మీద నడిచి మలుపు తిరిగాం. ఇన్నేళ్ళు చూసిన నేను కూడా అక్కడ ఆగిపోయాను. పల్లం నిండా బోదురుకప్పలు. మగవన్నీ పచ్చటి పసుపు రంగులో, నిమ్మపండ్లు నీళ్ళలో పోసినట్టు తేలుతున్నాయి. ఒక్కొక్కటి పిలిచినప్పుడల్లా గొంతు కింద రెండు నీలం బుడగలు ఉబ్బుతున్నాయి. గోల ఎంతంటే పక్కమనిషి మాట వినబడదు.

"ఓలమ్మో! పసుపు పూసీసేరేటండీ వీటికి?" అంది ముసలమ్మ.

"పూయలేదమ్మా, వాటి రంగే అది. మొదటి వానకు మగకప్పలు ఇలా మారతాయి. నాలుగు రోజులు పోతే మళ్ళీ మట్టిరంగే" అంది ఆ అమ్మాయి గొంతెత్తి.

"మరి పెళ్లికూతురేదే గుంటా?"

"అదిగో, ఆ గడ్డి పక్కన. మట్టిరంగుది."

ముసలమ్మ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, "సోకంతా ఆడిదే! దానికి సిటికెడు పసుపైనా ఎవలూ పెట్టనేదు" అంది. పట్టుచీరలన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. ఆ తర్వాత ఎవరికీ తాము పెళ్ళికి కాక కప్పల కోసం వచ్చామన్న బాధ లేదు. పెళ్ళికే వచ్చామనుకున్నారు.

నా గొడుగు మొన ఆ రోజు ఎవరికీ తగల్లేదు. ఆ అమ్మాయి తుమ్మకొమ్మకు వేలాడే తెల్లటి నురగ ముద్ద చూపించింది. చెట్టు కప్ప కట్టిన గూడు అది. లోపల గుడ్లు ఉంటాయి, పొదిగాక పిల్లలు సరిగ్గా కింద నీళ్ళలో పడతాయి. "కింద నీళ్ళు లేకపోతేనో?" అని వదిన అడిగింది. "నేల మీద పడి ఎండిపోతాయండీ" అంది ఆ అమ్మాయి. వదిన వెనక్కి తిరిగి అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య బూట్లు విప్పేశాడు, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టాడు, నీళ్ళ అంచున గొంతుక్కూర్చొని ఒక పచ్చటి కప్పను కళ్ళార్పకుండా చూస్తున్నాడు. చిన్నప్పుడు ఇద్దరం ఇక్కడే కాగితం పడవలు వదిలేవాళ్ళం. అతను పడవ వెనక అలాగే కూర్చునేవాడు.

మెరక సగంలో పరిచిన టార్పాలిన్ల మీద విస్తళ్ళు వేశాం. ఇంకా వెలుగు ఉంది. పులిహోర, బూరెలు, ముక్కల పులుసు. తింటూ ఉండగా పెద్ద చిక్కు వచ్చింది. తెచ్చిన కానుకలు ఎవరికివ్వాలి? తెచ్చినవి వెనక్కి తీసుకెళ్ళరు, నేనేమో తీసుకోను.

ఊళ్ళో ఏ పెళ్ళయినా చదివింపులు గొంతెత్తి చెప్పే పెద్దాయన ఒకాయన ఉన్నారు, బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. చెయ్యి కడుక్కొని లేచి నిలబడ్డారు. "ఇందులో ఆలోసించడానికేటుంది? పెళ్లెవలికో ఆలకే!" అని, చెవి మీద చెయ్యి పెట్టుకొని మొదలుపెట్టారు.

"పెళ్లికొడుకు బోదురుకప్పగారికీ, పెళ్లికూతురు సౌభాగ్యవతికీ, పాలమ్మగారు సదివించినది స్టీలు బేసినూ!"

జనం ఈలలు వేశారు. రవికె గుడ్డలు, గోడ గడియారం, గాజు గిన్నెలు, అన్నీ వరసగా చదివారు. అన్నిటినీ ఆ అమ్మాయి తన సంచీ పక్కన పేర్చుకుంటోంది. చివరికి ఆయన అన్నయ్య వైపు తిరిగారు. అక్కడ కూర్చున్నవాళ్ళలో మా వంశానికి పెద్ద అతనే.

"ఇంక పెళ్లిపెద్దలు. అసలు ఇల్లు ఆలది, నీలు ఆలవి. బాబుగోరు ఏటి సదివిస్తన్నారు?"

పల్లం అమ్ముతున్న సంగతి ఆ జనంలో చాలామందికి తెలుసు. అందరూ అన్నయ్య నోటి వైపే చూశారు. నేను నా విస్తరి వైపు చూశాను.

అన్నయ్య వీపు నాదానిలాగే నిటారుగా అయింది. "ఈ ఏడాదికి నీళ్ళు వాళ్ళవే. పూడ్చను" అన్నాడు.

"ఏడాదికేటండీ? కల్యాణ మండపం అద్దెకిచ్చినట్టు!" అంది వదిన.

నవ్వులు మిన్నంటాయి. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు. "సరే. లోతట్టు నీళ్ళు ఎప్పటికీ వాళ్ళవే. రాసుకో కండక్టరూ" అన్నాడు.

"రాయనవసరం నేదు బాబూ, ఊరంతా ఇన్నాది" అన్నారాయన, ఆ మాటనే మళ్ళీ చెరకు తోటల అవతలికి వినబడేలా చదువుతూ.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"నిన్న నవ్వులాటకన్నానే" అన్నాడు అన్నయ్య.

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"కొనేవాడు ఫోన్ చేసేడు. 'కప్పలకి చదివించేసేరట కదా, మరి నాకేటి అమ్ముతారు' అంటున్నాడు. ఎవడో వీడియో పంపేడట." తర్వాత గొంతు తగ్గించాడు. "అందరి ముందూ అన్న మాట ఎలాగ తీసుకోమంటావు?"

"తీసుకోవద్దు" అన్నాను. నా జీవితంలో నేను ఎవరినైనా ఏదైనా అడిగానంటే ఆ ఒక్క మాటే.

"మరి స్లాబు?"

అది న్యాయమైన ప్రశ్న. నా కప్పలు నీళ్ళలో ఉండటానికి అతను కప్పు లేకుండా ఉండాలనడం మర్యాద కాదు. వారం తర్వాత వదినా అన్నయ్యా వచ్చారు. నలుగురం కూర్చున్నాం. పంచుకోకుండా ఉమ్మడిగా మిగిలింది ఒకటే ఉంది, మెయిన్ రోడ్డు మీద తాతగారి బండ్లశాల ఉండిన స్థలం, ఇప్పుడు రెండు షాపులు అద్దెకున్న చోటు. నేను అందులో నా వాటా అన్నయ్యకు వదులుకున్నాను, అతను లోతట్టు సగం నా పేర రాశాడు. ఆ కాగితాల మీద సంతకం పెట్టి, "కప్పలకి దొరవయ్యేవు పో" అన్నాడు. "మా ఇంట్లో దొరతనం ఎప్పుడు పోయింది కనక?" అన్నాను. మా వారు కాఫీ పొలమారి బయటికి వెళ్ళి దగ్గారు.

నడకలకు ఇప్పటికీ బొట్టు పెట్టే పిలుస్తున్నాను. పట్టుచీరల్లోనే వస్తున్నారు, వద్దన్నా వినరు. పాలుపోసే ముసలమ్మ చిటికెడు పసుపు పొట్లం కట్టి తెచ్చి, ఆడకప్ప మీద చల్లుతానంటుంది. కప్ప ఒంటికి మన పసుపు పడదని ఆ అమ్మాయి ప్రతిసారీ చెప్పి, ఆ పొట్లం తీసుకొని దాస్తుంది. అన్నయ్య మొదటి పెద్ద వాన పడిందని తెలిస్తే పిలవకముందే కారెక్కుతున్నాడు. స్లాబు పడింది.

బండ్లశాల స్థలం, అందులోని రెండు షాపులతోనూ ఇనుప గేటుతోనూ సహా, ఆ ఏడాది మాఘంలో అన్నయ్య అమ్మేశాడు, స్లాబుకు డబ్బు అక్కడిదే.